పాకే పాప, పెంపుడు కుక్క

ప్రశ్న: మా పాపకు పది నెలలు. పాకుతూ వెళ్లి కుక్క తోక పట్టి లాగుతోంది. అదొకసారి గుర్రుమంది. ఎవరికైనా ఇచ్చేయమని అత్తమ్మ ఒకటే పోరు. టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, మిర్యాలగూడ

పశువుల డాక్టర్ జవాబు: ఇచ్చేయనక్కర్లేదమ్మా. అట్లని అత్తమ్మ మాట కొట్టిపారేయకండి. ఎంత సాధు కుక్కయినా సరే, పెద్దవాళ్లు పక్కన లేకుండా ఇద్దరినీ వదలొద్దు. అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు పాపను అటు పోనివ్వకండి. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టొద్దు. దెబ్బలకు భయపడి గుర్రుమనడం మానేసిన కుక్క చెప్పాపెట్టకుండా కరుస్తుంది. పాపకు అందని చోట, వరండాలో అడ్డం పెట్టి, దానికో మూల ఇవ్వండి. గోనెసంచి పరిస్తే చాలు. మన ఎండలకు అదెలాగూ షాబాద్ బండ మీదే పడుకుంటుందనుకోండి!

కుక్కకు రేబిస్ టీకా ఏటా వేయించండి. దానికే నట్టల మందు మూడు నెలలకోసారి తాగించండి. పాపది మట్టి నోట్లో పెట్టుకునే వయసు, కుక్క మలంతో ఆ మట్టిలోకి నట్టల గుడ్లు చేరతాయి. వాకిట్లో మలం ఏ రోజుకారోజు ఎత్తేయాలి.

కరిచినా, గీరినా పసుపు, కారం పెట్టకండి. ధారగా పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి. టీకా వేసిన కుక్కే కదా అని ఆగొద్దు.