టొలెడోలో ఒక రాత్రి ఉండండి, సెగోవియా నుంచి సాయంత్రానికి వచ్చేయండి

మే నెలాఖరులో అమ్మానాన్నలతో వారం రోజులు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఉంటామని, టొలెడో, సెగోవియా, కోర్డోబా చూడాలనుందని, హోటల్ మార్చకుండా రోజూ వెళ్లి రావడం మంచిదా, రాత్రి అక్కడే ఉండటం మంచిదా అని అడిగారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులని, అమ్మగారు శాకాహారి అని కూడా రాశారు. నన్నడిగితే టొలెడోలో ఒక రాత్రి, కోర్డోబాలో ఒక రాత్రి ఉండండి. సెగోవియాకి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి.

టొలెడో మాడ్రిడ్‌కి అరగంట దూరమే కదా, అక్కడ రూమెందుకు అని చాలామంది అంటారు. అంత దగ్గర కాబట్టే ఉండమంటున్నాను. మాడ్రిడ్‌లో దిగిన ప్రతివాళ్లూ ఒక పగలు టొలెడోకి వస్తారు. పదకొండు దాటితే ఆ సన్న సందుల్లో జెండా పట్టుకున్న గైడు, వెనకాల నలభై మంది, వాళ్ల వెనక ఇంకో జెండా. సాంతో తోమే చర్చిలో కౌంట్ ఆఫ్ ఓర్గాజ్ ఖననం మీద ఎల్ గ్రెకో వేసిన పెద్ద పెయింటింగ్ ఉంటుంది. మధ్యాహ్నం పూట వెళ్తే దాని కింది సగం జనం తలల వెనకే ఉండిపోతుంది.

నేను మాడ్రిడ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఇండియా నుంచి ఎవరొచ్చినా ఊళ్లు తిప్పే డ్యూటీ నాదే. మా అత్తయ్యను టొలెడో తీసుకెళ్లినప్పుడు పగలంతా ఆవిడ మొహం మాడ్చుకునే ఉంది. ఎటు చూసినా కత్తుల దుకాణాలు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు, తోపులాట. ఏడు దాటాక బస్సులు వెళ్లిపోయాయి, దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటీ దిగాయి. కథీడ్రల్ ఎదురుగా ఉన్న చౌకులో పిల్లలు బంతి ఆడుతుంటే వాళ్ల అమ్మమ్మలు గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. అత్తయ్య వెళ్లి వాళ్ల పక్కనే కూర్చుని, "అయితే ఈ ఊళ్లో మనుషులు కూడా ఉంటారన్నమాట" అంది. ఆ రాత్రి ఆవిడను రూముకి తీసుకెళ్లడమే కష్టమైంది.

ఇంకో లెక్క చూడండి. మే నెలాఖరులో అక్కడ పొద్దుగూకేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. టాహో నది మూడు వైపులా చుట్టుకున్న ఆ కొండ ఊరిని అవతలి గట్టు మీదున్న మిరదోర్ దెల్ వాయే నుంచి చూడాల్సింది సరిగ్గా ఆ వేళకే. మాడ్రిడ్ తిరిగెళ్లేవాళ్లు అప్పటికి రైలు ఎక్కడ తప్పిపోతుందోనని స్టేషన్‌లో ఉంటారు. మీరైతే టాక్సీలో వెళ్లి, చూసి, మెల్లగా రూముకి రావచ్చు.

పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు రూము విలువ రాత్రి కన్నా మధ్యాహ్నమే ఎక్కువ తెలుస్తుంది. టొలెడో అంతా ఎత్తుపల్లాలు, గుండ్రాళ్ల బాటలు. రెండింటి నుంచి ఐదు దాకా ఎండలో మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఎక్కడ కూర్చోబెడతారు? రూముంటే భోంచేసి, ఒక కునుకు తీసి, మళ్లీ బయల్దేరతారు. రైలు దిగాక నడక పెట్టుకోకండి, స్టేషన్ బయటే సిటీ బస్సు ఎక్కితే జొకోడోవేర్ కూడలిలో దింపుతుంది. ఊరికి అటువైపు కోటగోడ దగ్గర రెకరేదో రోడ్డు నుంచి పైకి ఎస్కలేటర్లు కూడా ఉన్నాయి. సోమవారం మాత్రం పెట్టుకోవద్దు, ఎల్ గ్రెకో మ్యూజియం, ఎల్ త్రాన్సితో యూదుల ప్రార్థనా మందిరం రెండూ ఆ రోజు మూసి ఉంటాయి.

సెగోవియా వేరే రకం. చూడాల్సినవన్నీ దాదాపు ఒకే దారిలో వస్తాయి. ఈ చివర రోమన్ల కాలువ వంతెన, మధ్యలో కథీడ్రల్, ఆ చివర అల్కాజార్ కోట. ఆ వంతెన ఎత్తు 28 మీటర్లు, సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. కిందకి వెళ్లి రెండు రాళ్ల మధ్య సందులో వేలు పెట్టి చూడండి, పెద్దాయనకు కోట కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది. అల్కాజార్ బురుజుకి 152 మెట్లు, ఆయన్ని కిందే ఉండమనండి. మాడ్రిడ్‌లోని చమార్టిన్ స్టేషన్ నుంచి ఫాస్ట్ రైలు అరగంటలో వెళ్తుంది కానీ అది ఆగే గియోమార్ స్టేషన్ సెగోవియా ఊరి బయట పొలాల్లో ఉంటుంది. అక్కడి నుంచి మళ్లీ 11 నంబరు బస్సెక్కాలి. మాడ్రిడ్‌లోని మొంక్లోవా బస్‌స్టాండ్ నుంచి నేరుగా వెళ్లే బస్సుకి గంటంపావు పడుతుంది, దిగాక కాలువ వంతెన దాకా కాస్తే నడక. మీకైతే బస్సే హాయి.

సెగోవియాలో అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. అక్కడి ప్రసిద్ధ వంటకం కాల్చిన పందిపిల్ల. తలతో సహా బల్ల మీదకి తెచ్చి, అది ఎంత మెత్తగా ఉడికిందో చూపించడానికి పింగాణీ ప్లేటు అంచుతో కోస్తారు. పక్క టేబుల్ వాళ్లు చప్పట్లు కొడతారు, మీవాళ్లు లేచి వెళ్లిపోతారు! హుదియోనెస్ అని పెద్ద పెద్ద తెల్ల చిక్కుడు గింజల కూర ఉంటుంది. చూస్తే మన వంటలాగే అనిపిస్తుంది గానీ అందులోనూ పంది మాంసమే. "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అంటే సరిపోతుందనుకోకండి, చాలా చోట్ల హామ్‌ను (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) మాంసం కింద లెక్కేయరు. "సిన్ కార్నె, సిన్ హామోన్, సిన్ పెస్కాదో" అని మాంసం, హామ్, చేప మూడూ వద్దని చెప్పాలి. గుడ్డు కూడా వద్దంటే "సిన్ ఉయేవో". టొలెడోలో పిస్తో అని టమాటా, గుమ్మడి జాతి కాయలతో చేసే కూర దొరుకుతుంది, దాని మీద గుడ్డు వేస్తారు, వద్దని చెబితే తీసేస్తారు. మధ్యాహ్నం నాలుగు దాటితే వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ తెరిచేది రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలోనే. బ్యాగులో పులిహోర పొట్లాం ఉంటే టెన్షన్ ఉండదు.

కోర్డోబాకి హైస్పీడ్ రైల్లో గంటా ముప్పావు. ఒక్క పగట్లో వెళ్లి రావచ్చు, చాలామంది వస్తారు కూడా. కానీ నడి మధ్యాహ్నం ఆ ఊళ్లో తిరగడం మే నెలాఖరులో పెద్దవాళ్ల వల్ల కాదు, 35 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రానికి చేరి, రాత్రి రోమన్ వంతెన మీద నడవండి. పొద్దున తలుపులు తీసే వేళకే మెస్కితా అనే పాత మసీదుకి వెళ్లండి. ఎరుపు తెలుపు చారల కమానుల కింద ఎనిమిది వందలకు పైగా స్తంభాలు, వాటి నడి మధ్యలో పదహారో శతాబ్దంలో లేపిన కథీడ్రల్. జనం లేనప్పుడు చూస్తేనే దాని లోతు తెలుస్తుంది. రెన్ఫే, ఇర్యో, విగో మూడు కంపెనీల రైళ్లూ అక్కడ ఆగుతాయి, ముందుగా కొంటే చవక.

సామాను సంగతి. పెద్ద సూట్‌కేసులు ఈ ఊళ్లకి మోయొద్దు, ఆ రాళ్ల మీద చక్రాలు కదలవు. తిరిగి అదే మాడ్రిడ్ హోటల్‌కి వస్తామంటే చాలా హోటళ్లవాళ్లు పెట్టెలు తమ దగ్గరే ఉంచుతారు, అడిగి చూడండి. వీసా ఫైల్ కోసం చేసిన బుకింగ్స్ ఫ్రీగా కాన్సిల్ చేసుకునేవైతే ఈ మార్పుకి ఖర్చేమీ ఉండదు.

ఒక్క రాత్రికే నాన్నగారు ఒప్పుకుంటే అది టొలెడోకే ఇవ్వండి. కోర్డోబా వదిలేసినా ఫర్వాలేదు, సెవిల్, గ్రనడా కోసం ఎలాగూ ఆ వైపు ఇంకోసారి వెళ్తారు. కార్పస్ క్రిస్టీ పండుగ తేదీ మాత్రం చూసుకోండి. మే నెలాఖరులోనో జూన్‌లోనో వస్తుంది, ఆ వారం టొలెడోలో రూము దొరకడం కష్టం. మాడ్రిడ్‌లోని అటోచా స్టేషన్ నుంచి టొలెడో వెళ్లే రైళ్లలో సీట్లు కూడా తొందరగా అయిపోతాయి, రానూపోనూ టికెట్లు ఒకేసారి కొనేయండి.