గుడిలో కుదురు, లాడ్జిలో గుబులు

ప్రశ్న: వేసవి సెలవుల్లో ఒంటిమిట్ట, గండికోట చూసుకుని రాత్రికి కడపలో ఒక లాడ్జిలో దిగాము. గుడిలో మనసు కుదుటపడింది, కోటలో ఒళ్లు గగుర్పొడిచింది, శుభ్రంగానే ఉన్న లాడ్జి గదిలో మాత్రం ఏదో గుబులు పట్టుకుని నిద్ర రాలేదు. గుడిలో కలిగింది భక్తే తప్ప మరొకటి కాదని మావారు అంటున్నారు. కట్టడానికి మనసును మార్చే శక్తి నిజంగా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీవారి మాటను కాదనను, అయితే ఆ భక్తికి దారి వేసి పెట్టినవారు స్థపతులు, అంటే గుడిని రూపొందించి కట్టిన శిల్పులు. ఒంటిమిట్టలో ఎత్తైన గోపురం కిందుగా విశాలమైన ప్రాకారంలోకి, అక్కడి నుంచి 32 స్తంభాల మండపం నీడలోకి, ఆపైన అంతరాళం అనే ఇరుకైన నడవ దాటి గర్భగుడి ముందుకు నడుస్తున్నకొద్దీ వెలుగు, ఎత్తు, వెడల్పు అంచెలంచెలుగా తగ్గుతూ వస్తాయి. ఎండలో నుంచి వచ్చిన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పట్టవచ్చు కనుక నడక దానంతటదే మందగిస్తుంది, మాట తగ్గుతుంది, చివరికి ఒకే శిలలో మలచిన సీతారామలక్ష్మణుల మూర్తులు తప్ప మరేదీ కంటికి ఆనదు. మందపాటి రాతి కట్టడం నిదానంగా వేడెక్కుతుంది గనుక లోపల చల్లదనం నిలిచి ఉంటుంది. చెప్పులు విడిచిన పాదాలు ఆ మార్పును కళ్లకంటే ముందే పసిగడతాయి. గర్భగుడి ముందు ట్యూబులైట్లు బిగించి ఈ క్రమాన్నంతా చెరిపివేయడం నాకు ఏమాత్రం నచ్చని పని.

కోట కట్టినవారి ఉద్దేశం వేరు. వచ్చినవాడిని శాంతపరచడం వారి పని కాదు, జంకించడం వారి పని. గండికోటలో ఎత్తైన గోడల నడుమ ద్వారం దాటి, ఊరిని, ధాన్యాగారాన్ని, జామా మసీదును, మాధవరాయ ఆలయాన్ని చూసుకుంటూ నడిచినంతసేపూ చూపు గోడలకే తగులుతూ ఉంటుంది. ఆపైన బండల అంచుకు చేరగానే నేల ఒక్కసారిగా తెగిపోయి, అడుగున పెన్నా నది, ఎదుట ఎర్రటి రాతిగోడ కనిపిస్తాయి. లోయ ప్రకృతి చెక్కినదే అయినా, దానిని చివరి దాకా దాచి ఉంచేది మనుషులు కట్టిన గోడలు. కారును అంచు దగ్గరి దాకా తీసుకువెళ్లి దిగేవారికి ఆ గగుర్పాటులో సగం కూడా దక్కదు.

ఇక లాడ్జి సంగతి. 2007లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 10 అడుగుల కప్పు కింద కూర్చున్నవారి ఆలోచన స్వేచ్ఛగా విస్తరించిందని, 8 అడుగుల కప్పు కింద కూర్చున్నవారి ధ్యాస చిన్న చిన్న వివరాల మీదికి కుదించుకుపోయిందని తేలింది. అంతకుముందు 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు, శస్త్రచికిత్స తరువాత కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు, ఇటుకగోడ మాత్రమే కనిపించే గదుల్లో ఉన్నవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారని, వారికి బలమైన నొప్పి మందుల అవసరం కూడా తక్కువైందని చూపించాడు. కొత్త ఊళ్లో, కిటికీ లేని గదిలో, ఒకే రకం తలుపులు బారులు తీరిన వరండా చివర పడుకున్న మనిషికి తాను ఏ దిక్కున ఉన్నాడో, బయట ఏ వేళ అయిందో తెలియదు. గుబులుకు అది చాలు. కర్నూలులో బస్సు దిగినవారికి కొండారెడ్డి బురుజు కనిపించగానే ధైర్యం వచ్చేది కూడా ఈ కారణం చేతనే: ఎటు పోవాలో తెలిపే గుర్తు ఒకటి దొరికింది. ఈసారి గది తీసుకునేటప్పుడు ఏసీ గురించి అడిగే ముందు కిటికీ ఉందా, అది దేనివైపు తెరుచుకుంటుంది అని అడగండి.

ప్రశ్న: పిల్లలతో లేపాక్షి వెళుతున్నాము. వేలాడే స్తంభం కాక వారికి ఏమి చూపించవచ్చు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: స్తంభం కింద గుడ్డ లాగి ఫొటో తీసుకున్న తరువాత, అదే నాట్యమండపంలో పిల్లలను కాసేపు తల ఎత్తి నిలబడమనండి. విజయనగర రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో వేసిన రంగుల చిత్రాలు పైకప్పు నిండా ఉన్నాయి. వెంటనే వారిని అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపానికి తీసుకువెళ్లండి. అక్కడ చెక్కిన స్తంభాలు ఉన్నాయి గాని కప్పు లేదు. ఈ రెండింటిలో ఎక్కడ కూర్చోవాలనిపించింది, ఎక్కడ పరుగెత్తాలనిపించింది అని వారినే అడగండి. మిట్టమధ్యాహ్నం బండలు అరికాళ్లను కాలుస్తాయి గనుక ఉదయమే బయలుదేరడం మేలు.