కాశీకి కెమెరాతో వెళ్తున్న మేనకోడలికి

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

కార్తీక పౌర్ణమికి కాశీ వెళ్తున్నావట, ఒక్కదానివే వెళ్తున్నావట, దేవ దీపావళి నాడు ఘాట్ల మీద ఫొటోలు తీస్తావట. మీ అమ్మ నిన్న ఫోన్లో చెబుతూ ఏడ్చింది. దానికి ధైర్యం చెప్పాను గానీ, ఫోను పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. మనింట్లో నా తరవాత కెమెరా పట్టుకున్నది నువ్వే. ఆ సంతోషం ఎంతుందో, ఆ జనంలో నువ్వెలా ఉంటావోనన్న బెంగా అంతే ఉంది.

నువ్వు కొనబోయే సామాన్ల చిట్టా కూడా పంపింది. పదకొండు వస్తువులు! ట్రైపాడ్, గింబల్, ఫ్లాష్, పెద్ద జూమ్, వీపున మోసే పెద్ద సంచి. సెకండ్‌హ్యాండులో కొన్న కెమెరాకి దాని ఖరీదుకి రెండింతలు సామానా తల్లీ? కొనేముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదా?

పెద్ద జూమ్ వద్దు. కెమెరాతో వచ్చిన 16-50 ఎమ్ఎమ్ కిట్ లెన్సు ఉందిగా, ఇరుకు సందులకి అది చాలు. దానికి తోడు 35 ఎమ్ఎమ్ లెన్సు ఒకటి, 1.8 దాకా తెరుచుకునేది (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది), రెండొందల గ్రాములు దాటనిది, సెకండ్‌హ్యాండులో వెతుక్కో. నీ కెమెరాలో బొమ్మ పట్టే సెన్సారు చిన్నది కాబట్టి అది పాత రీలు కెమెరాలో 50 లెన్సు చూపించినట్టే చూపిస్తుంది. ఫ్రాన్సు ఫొటోగ్రాఫరు కార్టియే-బ్రెసో దాదాపు జీవితమంతా ఆ ఒక్క 50తోనే గడిపాడు. నీ కిట్ లెన్సుని అదే 35 దగ్గర పెడితే 5 కన్నా ఎక్కువ తెరుచుకోదు. దానికన్నా ఈ 1.8 ఏడెనిమిది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. దీపాల రాత్రి నీకు కావలసింది అదే. ఫ్లాష్ వేశావంటే దీపం వెలుగంతా చచ్చిపోతుంది, పైగా ఎదుటి మనిషి కళ్ళలో కొట్టినట్టవుతుంది. గింబల్, అదే కెమెరా ఊగకుండా పట్టే పిడి, వీడియోల వాళ్ళది, దాన్ని వదిలెయ్.

ఇక ట్రైపాడ్. దీని గురించి నేను మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1991 గోదావరి పుష్కరాలప్పుడు నేను రాజమండ్రిలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఓనరు ఒక్క కెమెరా మెళ్ళో వేసుకుని వెళ్ళమన్నాడు. నేనే పట్టుబట్టి అల్యూమినియం పెట్టె తీసుకున్నాను. అందులో రెండు కెమెరా బాడీలు, మూడు లెన్సులు, ఫ్లాష్. అది కాక ఇనప ట్రైపాడ్. అన్నీ కలిసి తొమ్మిది కిలోలు. అంత సామాను చూస్తే జనం పేపరువాణ్ణనుకుని దారిస్తారని నా ఆశ. తెల్లవారుజామున కోటిలింగాల రేవులో మెట్ల మీద ట్రైపాడ్ కాళ్ళు బార్లా చాపి నిలబెట్టాను. పెట్టె పక్కన పెట్టి, కన్ను వ్యూఫైండర్‌కి ఆనించాను. అలా ఆనిస్తే నది కనిపిస్తుంది బుజ్జీ, వెనకెవరున్నారో కనిపించదు.

స్నానం చేసి పైకొస్తోంది ఒక ముసలమ్మ. తడి చీర, చేతిలో ఇత్తడి చెంబు నిండా గోదావరి నీళ్ళు. ట్రైపాడ్ వెనక కాలు ఆవిడ కాళ్ళకి అడ్డం పడింది. ముందు నాకు వినపడింది చెంబు చప్పుడు, మెట్టు మెట్టుకీ ఖణేల్ ఖణేల్‌మంటూ నీళ్ళదాకా. తిరిగి చూస్తే ఆవిడ చెయ్యి కింద పెట్టి పడిపోయి ఉంది. వెనక నుంచి జనం తోసుకొస్తున్నారు. ఆగమన్నా ఎవరి కాలూ ఆగేట్టు లేదు. రెండు చేతులూ చాపి ఆవిడ మీదికి వంగి నిలబడ్డాను. ఆవిడ నాతో అన్న మొదటి మాట, "నీ పెట్టె తడిసిపోతోంది నాయనా, చూసుకో."

మణికట్టు అప్పటికే వాచింది. వైద్య శిబిరం దాకా నడిపించుకెళ్ళి కట్టు కట్టించాను. తన వాళ్ళ కోసం వెతుక్కుంటూ కూడా ఆవిడ అడిగింది ఒక్కటే, చెంబు మళ్ళీ నింపి తెమ్మని. నింపి తెచ్చాను. ఆవిడ పడడానికి క్షణం ముందు నేను నొక్కిన ఫ్రేము ఆ రీల్లో అన్నిటికన్నా బాగా వచ్చింది. పెద్ద సైజులో వేద్దామన్నాడు ఓనరు. నెగటివ్ గీతలు పడిందని అబద్ధం చెప్పాను. అది ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. ఎన్నడూ ప్రింటు వెయ్యలేదు.

2015 జూలై 14న మళ్ళీ పుష్కరాల్లో, అదే ఊళ్ళో, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. ఆ రోజంతా నాకు ఆ చెంబు చప్పుడే వినిపించింది. అందుకని ఒట్టు పెట్టించుకుంటున్నాను: నేల మీద ఏదీ పెట్టకు. ట్రైపాడ్ కాలు గానీ, సంచి గానీ, చెప్పులు గానీ. ఒంటి మీద మోయలేనిది వెంట తీసుకెళ్ళకు. ఎలాగూ పడవలో ట్రైపాడ్ పెట్టినా పడవతో పాటు అదీ ఊగుతుంది. గట్టు మీద కావాలంటే పావుకిలో కందులు చిన్న గుడ్డసంచిలో పోసి మూతి కుట్టు. దాన్ని పిట్టగోడ మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించు, పట్టీ మాత్రం మెళ్ళోంచి తియ్యకు. అదీ కుదరకపోతే ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతుర్లోనూ బొమ్మ పట్టించే కెమెరా సెట్టింగు, పెంచెయ్. బొమ్మలో కాస్త గరుకుంటే ఏమీ కాదు.

సంచి మామూలు గుడ్డ సంచే, లోపల స్పాంజి అరలు పెట్టుకో. జనంలో ముందుకి వేసుకో. కెమెరా మీద కంపెనీ పేరుకి నల్ల టేపు అంటించు. బ్రెసో కూడా తన కెమెరాలో మెరిసే చోట్ల అదే పని చేసేవాడు.

బ్యాటరీలు అదనంగా రెండు. చవకవి ఉబ్బుతాయి, అక్కడ మాత్రం పిసినారితనం వద్దు. వచ్చేటప్పుడు విమానమైతే అవీ, పవర్ బ్యాంకూ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వెయ్యనివ్వరు. కార్డులు 64 జీబీవి రెండు కొను, పెద్దది ఒక్కటి వద్దు, పోతే అన్నీ పోతాయి. నకిలీవి చాలా వస్తున్నాయి. ఇంట్లోనే ఒకసారి నిండా నింపి, తెరిచి చూసుకో.

గాలి కొట్టే రబ్బరు బ్లోయరు, మెత్తటి గుడ్డ, వానకి ఒక షవర్ క్యాప్. లెన్సు మీద నోటితో ఊదకు, తుంపర పడుతుంది. ఏసీ బోగీ దిగగానే కెమెరా బయటికి తియ్యకు, అద్దం మీద ఆవిరి పడుతుంది. అరగంట సంచిలోనే ఉండనీ.

మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్లలో చితుల వైపు కెమెరా ఎత్తకు. అక్కడున్నది ఎవరి అమ్మో, ఎవరి నాన్నో. విశ్వనాథుడి గుళ్ళోకి ఫోను కూడా రానివ్వరు, దర్శనానికి వెళ్ళే రోజు సామాను గదిలోనే పెట్టి వెళ్ళు. ఆంధ్రాశ్రమంలో గది దొరుకుతుందేమో ఇప్పుడే కనుక్కో, మనవాళ్ళు చుట్టూ ఉంటారు. పౌర్ణమి నాడు చీకటి పడకముందే పైమెట్ల మీద గోడ వారగా చోటు చూసుకో. జనం కదలడం మొదలయ్యాక కిందికి దిగకు, బొమ్మ ఎంత బాగున్నా సరే.

కెమెరా పట్టీ కొనకు. అమ్మమ్మ పడుకున్న నవారు మంచం అటక మీద ఉందిగా, దాని నవారు రెండు గజాలు విప్పించి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర రింగులు వేయించాను. మెడ కొయ్యదు, చెమట పీలుస్తుంది. రేపు కొరియర్లో వేస్తున్నాను. అందగానే రెండు చివర్లా కుట్టు గట్టిగా లాగి చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య