పంటి ఇన్ఫెక్షన్‌తో విమానం ఎక్కొచ్చా?

బాబూ, రూట్ కెనాల్ సగంలో ఉండగా కింది దవడ పన్ను దగ్గర వాచిందనీ, ఆరు రోజుల్లో డల్లాస్ ఫ్లైట్ ఉందనీ, యాంటీబయాటిక్ వేసుకుంటూ వెళ్లిపోవచ్చా అనీ అడిగారు. ఒక్క మాత్రల మీద భరోసాతో మాత్రం వెళ్లకండి. రేపు పొద్దున్నే డెంటిస్టు దగ్గరికి వెళ్లి పన్ను తెరిపించి, చీము తీయించుకోండి. దానికి ఆరు రోజులు చాలావరకు సరిపోతాయి.

రెండేళ్ల కిందట మా అమ్మాయి పురిటికి అమెరికా బయల్దేరే ముందు వారం నాకూ ఇలాగే అయింది. పచ్చళ్లు, పొడులు, సర్దుడు హడావిడిలో డాక్టరు దగ్గరికి వెళ్లకుండా, మలక్‌పేటలో మా ఇంటి పక్క మెడికల్ షాపులో అడిగి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చుకున్నాను. మూడు రోజులకి వాపు తీసింది. తగ్గిపోయిందనే అనుకున్నాను. శంషాబాద్‌లో విమానం లేచిన అరగంటకి పంటి లోపల్నించి చెవి దాకా పోటు మొదలైంది. దోహా చేరేదాకా దవడ పట్టుకునే కూర్చున్నాను, అక్కణ్నించి ఇంకో విమానం. దిగేసరికి బుగ్గ ఉబ్బిపోయింది. నేను చూసుకోవాల్సిన నిండు చూలాలు నన్ను కార్లో కూర్చోబెట్టుకుని డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ బాధ పంటి నొప్పిని మించింది.

అక్కడి డాక్టరు చెబితే తెలిసింది. నరం చచ్చిపోయిన పంటి లోపలికి రక్తం వెళ్లదు, కాబట్టి మందూ సరిగ్గా చేరదు. మాత్ర చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది, మూలం లోపలే ఉంటుంది. పైగా విమానంలో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుంటుంది. పంటిలో చిక్కుకున్న గాలి అప్పుడు వ్యాకోచించి పోటు పెడుతుంది.

క్లినిక్‌లో కూర్చోగానే ముందు ఫ్లైట్ తేదీ చెప్పండి. పంటి వేర్లన్నీ శుభ్రం చేసి, లోపల మందు పెట్టి, గట్టి టెంపరరీ ఫిల్లింగ్ వేయగలరేమో, అది ఎన్ని వారాలు ఆగుతుందో అడగండి. పన్ను తీసేయాలంటే ఆలస్యం చేయకండి, తీసిన రెండు మూడు రోజులకి కూడా గాయం పోటెత్తవచ్చు. డబ్బు ఇబ్బందైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మా చెల్లెలికి అక్కడే బాగా చేశారు, కాకపోతే పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడాలి.

డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కోర్సు వాళ్లు చెప్పినన్ని రోజులు వాడండి, నాలాగా మధ్యలో ఆపకండి. మెట్రోనిడజోల్ అనే మాత్ర రాస్తే మద్యం ముట్టకూడదు. నొప్పి మాత్రలు, చీటీ చేతి బ్యాగులోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వద్దు. బయటినుంచి వేడి కాపడం పెట్టొద్దు, బుగ్గ మీద చల్లటి గుడ్డ మేలు.

ఇంకో మాట, ఇది మీ అమ్మగారి వయసుదాన్నిగా చెబుతున్నాను. నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, వాపు దవడ కిందకో మెడకో కంటి దగ్గరికో పాకినా, జ్వరం వచ్చినా ఫ్లైట్ సంగతి పక్కన పెట్టి ఆ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఊపిరి ఆడకపోయేదాకా వస్తుంది అది. క్లాసులు మొదలవుతాయని టెన్షన్ పడకండి, యూనివర్సిటీకి మెయిల్ రాసి డాక్టరు చీటీ జత చేయండి.