అమ్మ వినడానికి ఒకటి, దాచడానికి ఇంకొకటి

ప్రశ్న: నాన్నగారు పాడిన పాటలు, మాతో చెప్పిన కబుర్లు 22 క్యాసెట్లలో ఉన్నాయి. ఒక్కోటి గంట నిడివి. అన్నీ వేవ్ ఫైళ్లుగా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. డిస్కుల్లో రాసి పెడదామంటే మైనస్ ఆర్, ప్లస్ ఆర్, ఆర్‌డబ్ల్యూ, ప్యాకెట్ మీద ‘మ్యూజిక్’ అని ఉన్నవి, బంగారు రంగువి... ఇన్ని రకాలున్నాయి. అమ్మ తన పాత సీడీ ప్లేయర్‌లో వినాలి. మా పిల్లల కాలానికీ అవి మిగలాలి. నా దగ్గరున్నది మామూలు డీవీడీ రైటర్. ఏది కొంటే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పాత టేపుల్లోని గొంతుల్ని డిస్కుల్లోకి మార్చడమే నా పని. మీలాంటి ప్రశ్నతో వచ్చేవాళ్లను నేను ముందు అడిగేది, ఎవరు వింటారు, ఏ మెషిన్‌లో వింటారు అని. మీ ఉత్తరంలో ఆ జవాబు ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. మీకు కావలసింది రెండు వేర్వేరు రకాల డిస్కులు. ఒకే డిస్కుతో రెండు అవసరాలూ తీర్చుకోవాలని చూడకండి.

అమ్మగారికి సీడీ-ఆర్, అంటే ఒక్కసారే రాయగలిగే సీడీ, కొనండి. 700 ఎంబీ, 80 నిమిషాలు అని రాసి ఉండే మామూలు రకం చాలు. ఒక క్యాసెట్‌కి ఒక సీడీ. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఆడియో సీడీ’ అన్నదే ఎంచుకోండి. డేటా సీడీగా రాస్తే పాత ప్లేయర్ దాన్ని పాటగా గుర్తించదు. సీడీ-ఆర్‌డబ్ల్యూ వద్దు. చెరిపి మళ్లీ రాసుకోవచ్చు నిజమే కానీ, దాని మీద పడిన లేజర్ కాంతి సీడీ-ఆర్ మీద పడినంతగా వెనక్కి రాదు. అందుకే చాలా పాత ప్లేయర్లు దాన్ని చదవలేక ఊరికే తిప్పుతూ ఉండిపోతాయి. ‘మ్యూజిక్’ అని ఉన్నవాటి కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. అవి టీవీ పక్కన పెట్టుకునే విడి ఆడియో రికార్డర్ల కోసం వచ్చినవి. కంప్యూటర్‌లో రాసేటప్పుడు వాటివల్ల శబ్దం ఏమీ మెరుగవదు.

ఇక దాచుకునే కాపీ. నా మనసంతా దీని మీదే ఉంది. సీడీ నాణ్యతలో గంట శబ్దానికి సుమారు 635 ఎంబీ అవుతుంది. 22 గంటలంటే 14 జీబీ. డీవీడీలో 4.7 జీబీ పడుతుంది (కంప్యూటర్ 4.3 పైచిలుకు అని చూపిస్తుంది, అది లెక్కగట్టే పద్ధతిలో తేడా, కంగారు పడకండి). లెక్కకు మూడు డీవీడీలు సరిపోతాయి. నేనైతే నాలుగింటిలో సర్దుతాను. రాత లోపలి నుంచి అంచు వైపు సాగుతుంది, తప్పులు ఎక్కువగా కనిపించేదీ ఆ అంచు దగ్గరే. అక్కడ కాస్త ఖాళీ వదిలేయడం మంచిది. ఎంపీ3గా కుదించి ఒక్క డిస్కులో ఇరికించవద్దు. నాన్నగారి గొంతులోంచి ఒకసారి పోయినది మళ్లీ రాదు.

ప్లస్సా మైనస్సా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. ఇవి రెండు కంపెనీల కూటములు వేర్వేరుగా తెచ్చిన పద్ధతులు. ఇప్పటి రైటర్లు రెండూ రాస్తాయి. బాగా పాత డీవీడీ ప్లేయర్‌లో చూడాల్సింది ఉంటే మాత్రం మైనస్ ఆర్ తీసుకోండి.

అసలు చూడాల్సింది రాత దేని మీద పడుతోందన్నది. సీడీ-ఆర్, డీవీడీ-ఆర్‌లలో ఒక రంగు పొర ఉంటుంది. లేజర్ దాన్నే కాల్చి గుర్తులు పెడుతుంది. ఎండ, వేడి, తేమ ఆ రంగును పాడుచేస్తాయి. వెనకనున్న వెండి పూత కూడా గాలి తగిలితే మసకబారవచ్చు. బంగారు పూత మసకబారదు, కాబట్టి నిజమైన గోల్డ్ డిస్కు మంచిదే. కానీ పైన లేబుల్ బంగారు రంగులో ఉన్నంత మాత్రాన లోపల బంగారం ఉన్నట్టు కాదు. ఎం-డిస్క్ అనే రకంలో ఆ రంగు పొర ఉండదు, రాయిలాంటి గట్టి పదార్థం మీద రాత పడుతుంది. డీవీడీ సైజు ఎం-డిస్క్‌కు దాన్ని రాయగల రైటర్ ఉండాలి. మీ రైటర్ మీద ఆ గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఎప్పుడైనా బ్లూ-రే రైటర్ కొంటే 25 జీబీ డిస్కు ఒక్కదానిలో మీ 22 గంటలూ పడతాయి. అప్పుడు ప్యాకెట్ మీద ‘ఎల్‌టీహెచ్’ అని ఉన్నది మాత్రం తీసుకోకండి, అందులో మళ్లీ ఆ రంగు పొరే ఉంటుంది.

ఒక సీడీ-ఆర్‌ను దీపం ముందు ఎత్తి పట్టుకుని చూడండి. పైన లేబుల్ గీసుకుపోయిన చోట సూదిమొనంత వెలుగు కనిపిస్తుంది. ఆ చుక్క మేర రాత పోయినట్టే. సీడీలో సమాచారం లేబుల్ కిందే, పలచటి లక్క పూత చాటున ఉంటుంది. కింది వైపు గీతలు పడితే పాలిష్ చేసి బాగుచేయవచ్చు, పై వైపు గీతకు మందు లేదు. అందుకే బాల్‌పెన్‌తో పేరు రాయకండి. నీటి సిరా మార్కర్‌తో, మధ్యలో పారదర్శకంగా ఉండే రింగు మీద రాయండి. కాగితం స్టిక్కర్లు అసలే వద్దు. డీవీడీలో రాత రెండు పొరల నడుమ ఉంటుంది కాబట్టి గీత భయం తక్కువ, కానీ స్టిక్కర్ బరువుకు అది తిరిగేటప్పుడు వణుకుతుంది.

రాసేటప్పుడు 16ఎక్స్ డీవీడీకి 8ఎక్స్ వేగం పెట్టండి. రాసింది సరిగ్గా పడిందో లేదో సరిచూసే ‘వెరిఫై’ దగ్గర టిక్ తప్పనిసరి. దాచే కాపీ రెండు సెట్లు చేసి, రెండోది వేరే ఇంట్లో ఉంచండి. హార్డ్ డిస్కులోని ఫైళ్లు మాత్రం చెరపకండి.

ప్రశ్న: పెళ్లి వీడియో డీవీడీలో రాశాను. ల్యాప్‌టాప్‌లో ఆడుతోంది, టీవీ కింద ప్లేయర్‌లో ఆడటం లేదు. డిస్కు చెడ్డదా?
– ఇంకొక పాఠకుడు

జవాబు: డిస్కు మంచిదే అయి ఉంటుంది. విండోస్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే పెన్‌డ్రైవ్‌లా వాడతారా, ప్లేయర్ కోసమా అని అడుగుతుంది. మొదటిది నొక్కితే ఆ డిస్కు ఎక్కువగా కంప్యూటర్లకే పనికొస్తుంది. రెండోది ఎంచుకున్నా, వీడియో ఫైలును ఊరికే కాపీ చేస్తే చాలా ప్లేయర్లు తీసుకోవు. ‘డీవీడీ వీడియో’ చేసే సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసి, చివర ఫైనలైజ్ (వేరే ప్లేయర్లు చదవగలిగేలా రాతను ముగించడం) చేయండి. కొత్త డిస్కు మీదే చేయండి.