ఫోనులో ఫిజియోథెరపీ కుదురుతుందా?

ప్రశ్న: రెండు నెలల క్రితం మా మామగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తున్నారు. ఫిజియోథెరపీ కోసం మాటిమాటికీ నెల్లూరు తీసుకువెళ్లడం మాకు శక్తికి మించిన పనవుతోంది. వీడియో కాల్‌లో చేయిస్తామంటున్నారు, నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: నమ్మవచ్చునమ్మా, అయితే మొదటి పరీక్ష మాత్రం ఎదురుగానే జరగాలి, కండరాల బిగువు, స్పర్శ వంటివి ఫిజియోథెరపిస్టు చేత్తో పట్టి చూడవలసినవే కాని తెరమీద తెలిసేవి కావు. 22 పరిశోధనలను కలిపి పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, దూరం నుంచి చేయించే పునరావాస చికిత్స ముఖాముఖి చికిత్సకు తీసిపోకపోవచ్చునని తేల్చింది గాని, ఆధారాలు ఇంకా బలపడవలసి ఉందని కూడా అన్నది. కోలుకోవడం తొలి మూడు నెలల్లోనే వేగంగా సాగుతుంది కనుక, ప్రయాణం కుదరక మానేయడం కంటే ఇది ఎంతో మేలు.

గ్లాసు అందుకోవడం, గుండీ పెట్టుకోవడం, మంచం మీద నుంచి లేవడం వంటి పనులను పదేపదే చేయించడమే ఇందులో అసలు చికిత్స, కాబట్టి కాల్ ముగిశాక ఇంట్లో జరిగే సాధనకే ఎక్కువ విలువ. ఫోనును మనిషి నిలువెల్లా కనిపించేలా ఎక్కడైనా ఆనించి పెట్టండి. ఫోను పట్టుకున్నవారే రోగినీ పట్టుకోబోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. లేపేటప్పుడు పడిపోయిన చేతిని లాగితే భుజం కీలు జారవచ్చు. నీళ్లు తాగినప్పుడు పొలమారుతుంటే, మింగడం సరిగా ఉందో లేదో చూసే పరీక్షకు ఆసుపత్రికి వెళ్లవలసిందే. మూతి వంకరపోవడం, మాట తడబడడం మళ్లీ కనిపిస్తే మాత్రం వీడియో కాల్ కోసం చూడక వెంటనే 108కి ఫోను చేయండి.