బ్రాకెట్లలో దాచిన మాట: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి రచయిత్రికి ఆశీస్సులు.

'హోమ్ అలోన్ 2: లాస్ట్ ఇన్ న్యూయార్క్' సినిమాను లోకం ఎలా స్వీకరించిందో వివరిస్తూ మీరు పంపిన వ్యాసం నాకు అంది మూడు వారాలయింది. మొదటి పేజీలోనే ఒక వాక్యం అన్నంలో రాయిలా పంటికి తగలడంతో దాన్ని పక్కన పెట్టేశాను. 'విమర్శకులు పెదవి విరిచినా ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు' అన్నారు మీరు. ఈ వాక్యాన్ని నేను నలభై ఏళ్లుగా చదువుతున్నాను. నా పేరు కిందే అది నాలుగైదు సార్లు అచ్చయి ఉంటుంది కనక దాని మీద కోపగించుకునే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను. మొన్న మనసొప్పక మళ్లీ తీసి చివరిదాకా చదివితే, తొమ్మిదో పేజీలో బ్రాకెట్ల మధ్య మీరు ముడుచుకుని రాసిన ఒకటిన్నర వాక్యం కనిపించింది. ఈ ఉత్తరం రాయించింది అదే. లేకపోతే 'అందింది, సంతోషం' అని ఒక కార్డు ముక్క పడేసి ఊరుకునేవాణ్ణి.

ముందు ఆ బ్రహ్మరథం సంగతి చూద్దాం. ఇంటివాళ్లు పొరపాటున వదిలేసి వెళ్లిన కెవిన్ అనే పిల్లవాడు ఇద్దరు దొంగల పనిపట్టే కథతో 1990 నవంబరులో వచ్చిన మొదటి భాగం వరసగా పన్నెండు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచి, ఆ దేశపు హాళ్లలోనే ఇరవై ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది. రెండో భాగం 1992 నవంబరు 20న, థాంక్స్‌గివింగ్ పండగ వారం రోజుల్లోకి వస్తుందనగా విడుదలై, మొదటి మూడు రోజుల్లో మూడు కోట్లకు పైగా రాబట్టింది. మొదటి భాగం తొలి వారాంతంతో పోలిస్తే ఇది రెట్టింపుకు దగ్గర. అయితే ఆట ముగిసేసరికి అమెరికాలో మొత్తం పదిహేడు కోట్ల ముప్పై లక్షల దగ్గర ఆగిపోయింది. అంటే జనం ఈసారి మరింత వేగంగా పరుగెత్తుకు వచ్చారు, మరింత త్వరగా తగ్గిపోయారు. మొదటిదాన్ని రెండోసారి, మూడోసారి చూడడానికి వచ్చిన కుటుంబాలు దీనికి అన్నిసార్లు రాలేదని దీన్నిబట్టి ఊహించవచ్చు. ఈ అంకెలన్నీ మీ వ్యాసంలోనే ఉన్నాయి, కాని వాటిని మీరు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. పదిహేడు కోట్లు పెద్ద మొత్తమే, ఎవరూ కాదనరు. అయినా ఐదు పాళ్లలో రెండు పాళ్లు తరిగిపోయిన చోట బ్రహ్మరథం అనే మాట వాడితే, మొదటి భాగానికి పట్టినదాన్ని మీరు ఏ పేరు పెట్టి పిలుస్తారు?

సినిమాస్కోర్ సంస్థ ప్రేక్షకుల దగ్గర సేకరించిన గ్రేడు 'ఏ మైనస్' అని ఉదహరించారు. దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. కాని ఆ గ్రేడు విడుదలైన రోజున హాల్లోంచి బయటికి వచ్చేవాళ్ల చేతికి చీటీలిచ్చి రాబట్టేది. మొదటి రోజు టిక్కెట్టు కొని పిల్లల్ని వెంటబెట్టుకు వచ్చినవాళ్లు అప్పటికే ఆ సినిమా పక్షాన ఉన్నవాళ్లు. మన ఊళ్లలో మార్నింగ్ షో వదలగానే గేటు దగ్గర నిలబడి సేకరించే 'టాక్' లాంటిదే అదీ, కాకపోతే కాస్త క్రమశిక్షణ ఉన్న టాక్. దానికి 'ప్రేక్షకుల తీర్పు' అని పేరు పెట్టే ముందు ఒక్కక్షణం ఆగండి.

ఇక పెదవి విరిచారన్న విమర్శకులు. వాళ్లలో మూడో వంతు మందికే సినిమా నచ్చిందని, సమీక్షలను లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటు శాతం చూపించి, '1992లో వచ్చిన స్పందన' అని రాసేశారు. ఆ సంస్థ పుట్టిందే 1998లో. 1992లో ఆ సినిమాకు శాతమంటూ ఏదీ లేదు. పాత పత్రికల సమీక్షలనూ ఎన్నో ఏళ్ల తర్వాత రాసిన సమీక్షలనూ ఒకే జల్లెడలో పోసి తీసిన అంకె అది. ఆనాటి స్పందన కావాలంటే ఆనాటి సమీక్షలు ఒక్కొక్కటిగా చదవడం తప్ప మార్గం లేదు. చదివితే విమర్శకులు కూడా ఒక గుంపు కాదని తెలుస్తుంది. షికాగో సన్-టైమ్స్‌లో రాసే రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకు గాను మొదటి భాగానికి రెండున్నర, రెండోదానికి రెండు ఇచ్చాడు. కథ మొదలయ్యేది ఆయన ఊరి శివార్లలోనే, అయినా ఊరిమీది అభిమానం అక్కరకు రాలేదు. ఇదే మనిషి 1997లో, కెవిన్ వేషం వేసిన మెకాలే కల్కిన్ లేకుండా కొత్త పిల్లవాడితో వచ్చిన మూడో భాగానికి ఏకంగా మూడు నక్షత్రాలిచ్చాడు. లోకమంతా ముఖం తిప్పుకున్న సినిమాకు మూడు, కోట్లాది మంది క్రిస్మస్ నాడు ఇప్పటికీ పెట్టుకు చూసే సినిమాకు రెండు. మీ వ్యాసంలో ఇలాంటి మనిషికి చోటు లేదు, ఎందుకంటే మీరు విమర్శకులందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి అందరి చేతా ఒకేసారి పెదవి విరిపించారు.

సమీక్షల్లో ఎక్కువగా కనిపించిన ఫిర్యాదు 'పాతదే మళ్లీ తీశారు' అన్నది. మీరూ దాన్నే ఎత్తి రాశారు. నిజమే. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో గొడవ, మోగని అలారం, విమానాశ్రయంలో పరుగు, మొదట భయపెట్టి తర్వాత స్నేహమయ్యే ఒంటరి మనిషి, తల్లి హఠాత్తుగా పెట్టే కేక, అన్నీ వరస తప్పకుండా వస్తాయి. మొదట మంచు తవ్వే ముసలాయన ఉన్న చోట ఇప్పుడు సెంట్రల్ పార్కులో పావురాల మధ్య తిరిగే ఆవిడ ఉంది. కాని జాన్ హ్యూస్ ఆ స్క్రిప్టులో ఒకచోట చేసిన పని చూడండి. మొదటి భాగంలో తాడుకు కట్టిన రంగు డబ్బాలు మెట్ల మీదుగా ఊగుతూ వచ్చి దొంగల మొహాలకు తగిలాయి. రెండో భాగంలోనూ డబ్బాలు వస్తాయి. దొంగలకు పాత దెబ్బలు గుర్తున్నాయి కనక వంగి తప్పించుకుంటారు, తెలివి వచ్చిందని మురిసిపోయి లేస్తారు, అప్పుడు ఆ డబ్బాల వెనకే ఇనప గొట్టం వచ్చి తగులుతుంది. ఇక్కడ నవ్వు పుట్టేది మొదటి సినిమా చూసిన వాడి జ్ఞాపకంలోంచి. మొదటి భాగం చూడని మనిషికి ఇది వట్టి గొట్టం దెబ్బ. హరికథకు వెళ్లేవాళ్లు లంకాదహనం ఎలా ముగుస్తుందో తెలియక వెళ్లరు. ఈసారి దాసుగారు తోకకు ఎన్ని గుడ్డలు చుట్టిస్తారో చూడడానికి వెళ్తారు. పునరుక్తిని దోషంగా లెక్కపెట్టడం సులువు. ఏ పునరుక్తి ఆట ఆడుతోంది, ఏది బద్ధకంగా పడుకుంది అని వేరు చేయడం కష్టం. మీరు చేయవలసింది ఆ రెండోది. మియామీకి బయల్దేరిన కుటుంబం న్యూయార్క్ విమానంలో పిల్లవాణ్ణి పోగొట్టుకునే భాగం, నా మటుకు, ఆ బద్ధకపు రకానికి చెందుతుంది.

ఇప్పుడు ఆ బ్రాకెట్ల దగ్గరికి వస్తాను. '(టెక్సస్‌లో మా అక్క కొడుకుకు ఐదేళ్లు. ఇటుకలు పడే చోట వాడు నవ్వలేదు, ఆయనకి నొప్పి పుట్టలేదా అని అడిగాడు, కాని...)' అని రాసి, అంతటితో ఆపి, మళ్లీ వసూళ్ల లెక్కల్లోకి వెళ్లిపోయారు. అమ్మా, మీ పన్నెండు పేజీల్లోనూ మీది అని చెప్పదగ్గది ఇదొక్కటే. ఇంటి కప్పు మీదినుంచి కెవిన్ విసిరిన ఇటుకలు మార్వ్ అనే దొంగ నుదుటికి ఒకటి కాదు, నాలుగు తగులుతాయి. కార్టూన్ బొమ్మకు తగిలితే నవ్వొచ్చే దెబ్బ, రక్తమాంసాలున్న మనిషికి తగిలితే నవ్వు రాదన్నదే ఈబర్ట్ సమీక్షలోని ప్రధానమైన అభ్యంతరం. ఆ సమీక్ష గురించి ఏమీ తెలియని ఐదేళ్ల పిల్లవాడు సోఫా మీద కూర్చుని అదే అభ్యంతరం చెప్పాడు. మరి వాణ్ణి మీరు ఏ పక్షాన నిలబెడతారు, విమర్శకుల్లోనా, ప్రేక్షకుల్లోనా?

ఆ ప్రశ్న పట్టుకుని ఉంటే సినిమాలోకి మీకు తలుపు తెరుచుకునేది. మొదటి భాగంలో దొంగలు వాళ్లంతట వాళ్లే పిల్లవాడి ఇంటి మీదికి వచ్చారు, వాడు ఇల్లు కాపాడుకున్నాడు. రెండో భాగంలో బొమ్మల దుకాణం యజమాని పిల్లల ఆసుపత్రికి ఇవ్వదలచిన సొమ్మును వాళ్లు దోస్తుండగా కెవిన్ చూసి, అద్దం పగలగొట్టి అలారం మోగించి, వాళ్లను వెంట పరిగెత్తించుకుని, మరమ్మతుల్లో ఉన్న తన చిన్నాన్న ఖాళీ ఇంట్లోకి రప్పించుకుంటాడు. ఉద్దేశం మొదటిదానికంటే ఉదాత్తమైనదే. కాని ఆత్మరక్షణ పోయి వల పన్నడం వచ్చింది, దెబ్బల బరువు కూడా పెరిగింది. చాలామందికి కారణం తెలియకుండానే ఎక్కడో ఇబ్బంది కలిగిందంటే దాని మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. మీ అక్క కొడుకు నవ్వడం మానేసింది కూడా ఇక్కడే.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, విసుగొచ్చేదాకా చెబుతాను: ఎవరు, ఎక్కడ కూర్చుని, ఏ చోట నవ్వారో, ఏ చోట నవ్వడం ఆపేశారో చెప్పకుండా 'ప్రేక్షకులు' అనే మాట రాయకండి. ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. వయసులో ఉండగా హైదరాబాదులో ఒక ప్రివ్యూ థియేటర్లో ఒక హాస్య చిత్రం చూశాను. తొమ్మిది మందిమి ఉన్నాం, అందరమూ సమీక్షకులమే, ఒకరు నవ్వితే ఇంకొకరు చులకన చేస్తారేమోనని బిగుసుకుని కూర్చున్నాం. మాటకూ మాటకూ మధ్య ఖాళీలున్నాయనీ, ఎడిటింగ్ వదులుగా ఉందనీ, హాస్యం పండలేదనీ రాసి పంపాను. ఆ ఆదివారం తెనాలిలో అమ్మను మ్యాట్నీకి తీసుకెళితే హాలంతా నిండి, నేల క్లాసునుంచి బాల్కనీదాకా ఒకటే నవ్వు. నేను వదులన్న ప్రతి ఖాళీలోనూ ఆ నవ్వు అచ్చంగా సరిపోయింది. దర్శకుడు జనం నవ్వడానికి చోటు వదిలితే, నేను ఆ చోటును తప్పుగా లెక్కగట్టాను. మీరు 'రెండో భాగం నూట ఇరవై నిమిషాలు, మొదటిదానికంటే పదిహేడు నిమిషాలు ఎక్కువ, సాగదీత' అని ఒక ముక్కలో తేల్చారే, ఆ నిమిషాలను లాప్‌టాప్ మీద ఒంటరిగా కొలిచారా, పిల్లలున్న గదిలో కొలిచారా?

ఆ తెనాలి అనుభవాన్ని తర్వాతి వారం రాసి పంపితే, నేను పనిచేసిన వారపత్రిక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి, 'కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం' అన్న వాక్యం తగిలించి అచ్చువేశాడు. అడిగితే వెనక అట్ట మీద పంపిణీదారు ప్రకటన చూపించాడు. సమీక్షకుడి అమ్మకు నవ్వొచ్చిందో లేదో పాఠకులకు అనవసరమట. ఆయన పోయి చాలా కాలమైంది, కాని ఆ వాక్యం మాత్రం ఇప్పటికీ ప్రతి పండగ సినిమాకూ ఎవరో ఒకరు తగిలిస్తూనే ఉన్నారు. ఇప్పుడు దానికి తోడు ఐదుకు రెండుముప్పావు అని పావులు లెక్కకట్టే నక్షత్రాలొకటి వచ్చాయి. కూరగాయల కాటా మీద కూడా అంత సూక్ష్మంగా తూచరు.

ఇంకొక్క మాట. ప్లాజా హోటల్ నడవాలో డొనాల్డ్ ట్రంప్ కెవిన్‌కు దారి చెప్పే కొన్ని క్షణాల దృశ్యాన్ని మీరు వింతగా ప్రస్తావించి వదిలేశారు. అప్పట్లో ఆ హోటల్ ఆయనదే. తొలి ప్రదర్శనలో ఆయన కనబడగానే జనం కేరింతలు కొట్టారని, అందుకే ఉంచేశామని దర్శకుడు క్రిస్ కొలంబస్ తర్వాత చెప్పారు. దాదాపు మూడు దశాబ్దాలకు, కెనడా టెలివిజన్ నిడివి కోసం ఆ ముక్క తీసేసి ప్రసారం చేసిందన్న సంగతి బయటపడినప్పుడు అదే దృశ్యం మీద పెద్ద రగడ జరిగింది. ఫిల్ము మారలేదు, చూసేవాళ్లు మారారు. స్పందన మీద వ్యాసం రాస్తున్నవారు ఆగి నిలబడవలసిన చోటు అది.

మీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలడిగారు. ఏ పత్రికకు పంపాలన్నదానికి నా దగ్గర జవాబు లేదు. పారితోషికం సంగతి నాకే ఇంకా అర్థం కాలేదు. మిగిలిన రెండూ మరోసారి చూద్దాం. మీ భాష శుభ్రంగా ఉంది.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో ఆ బ్రాకెట్లు రెండూ ఎర్ర సిరాతో కొట్టేశాను, లోపలి వాక్యం ముట్టుకోలేదు. 'కాని' అని రాసి మూడు చుక్కలు పెట్టి వదిలేశారు. నొప్పి పుట్టలేదా అని ఆ పిల్లవాడు అడిగితే మీరు ఏం చెప్పారు? వాడు ఆ తర్వాత సినిమా చూశాడా, లేచి వెళ్లిపోయాడా?

ఇట్లు
మీ శ్రేయోభిలాషి